కోర్టులో సంజ్ఞా భాష అనువాదకురాలు కావాలంటే

ప్రశ్న: మా తమ్ముడికి పుట్టుక నుంచి వినపడదు, మాట రాదు. ఇంటి స్థలం తగాదాలో అతను వేసిన దావా విశాఖపట్నం జిల్లా కోర్టులో సాక్ష్యం దశకు వచ్చింది. ఇంటర్ పూర్తి చేసిన మా అమ్మాయి చిన్నప్పటి నుంచి మేనమామతో సైగలతోనే మాట్లాడుతుంది. కోర్టులో తనే అనువాదం చేయవచ్చా? దీన్నే వృత్తిగా తీసుకోవచ్చా?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: వృత్తిగా తప్పకుండా తీసుకోవచ్చు. మేనమామ దావాలో మాత్రం మీ అమ్మాయిని అనువాదానికి నిలబెట్టవద్దని నా గట్టి సలహా, ఎందుకంటే రక్తసంబంధీకురాలు చెప్పిన ప్రతి మాటనూ అవతలి న్యాయవాది శంకించగలరు, ఆ శంక చివరికి మీ తమ్ముడి సాక్ష్యాన్నే బలహీనపరుస్తుంది.

2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 125వ సెక్షన్ ప్రకారం, నోటితో చెప్పలేని సాక్షి వాంగ్మూలం నమోదు చేసేటప్పుడు కోర్టు అనువాదకుని లేదా ప్రత్యేక ఉపాధ్యాయుని సహాయం తీసుకోవాలి, దానిని వీడియో కూడా తీయించాలి. అందుచేత వాయిదాకు చాలా ముందే మీ న్యాయవాది ద్వారా రాతపూర్వకంగా కోరండి. మీ తమ్ముడు బధిరుల పాఠశాలలో చదివి భారతీయ సంజ్ఞా భాష నేర్చుకున్నారా, లేక ఇంటి సైగలే తెలుసా అన్నది అందులో స్పష్టంగా రాయించండి, ఎందుకంటే ఇంటి సైగలు శిక్షణ పొందిన అనువాదకునికి కూడా వెంటనే అర్థం కావు. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేకపోతే, 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం దివ్యాంగులకు ఉచిత న్యాయ సహాయం కల్పిస్తుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

ఇక చదువు సంగతి. భారత పునరావాస మండలి గుర్తించిన రెండేళ్ల భారతీయ సంజ్ఞా భాష అనువాద డిప్లొమాలో ఇంటర్ తర్వాత చేరవచ్చు. 2015లో న్యూఢిల్లీలో ఏర్పడిన భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం ఈ కోర్సును నడుపుతోంది. వేరే సంస్థలో చేర్చేటట్లయితే, దానికి మండలి గుర్తింపు ఉందో లేదో చూడకుండా ఫీజు కట్టవద్దు.

కోర్టు పనికి డిప్లొమా ఒక్కటే సరిపోదు. న్యాయవాది ప్రశ్న అడుగుతుండగా బధిర సాక్షి తల ఊపితే, ‘మీరు చెప్పేది చూస్తున్నాను’ అన్నది అతని ఉద్దేశం కావచ్చు, రికార్డులో మాత్రం అది ‘అవును’ అని పడిపోతుంది. అలాంటప్పుడు అనువాదకురాలు తన ఊహను జోడించకుండా, ప్రశ్నను మళ్లీ అడిగేందుకు న్యాయమూర్తి అనుమతి కోరాలి. సాక్షికి తన చేతులు, ముఖం వెలుతురులో స్పష్టంగా కనిపించే చోటు కూడా అడిగి తీసుకోవాలి. సాక్షిలాగే ఆమె కూడా ప్రమాణం చేయాలి. తన వైపు, ఎదుటి వైపు అన్న తేడా ఆమెకు ఉండకూడదు.

2023 సెప్టెంబరులో బధిర న్యాయవాది సారా సన్నీ అనువాదకుని సహాయంతో సుప్రీంకోర్టు విచారణలో పాల్గొన్నారు. ఈ అవసరం సాక్షుల బోనుకే పరిమితం కాదని అప్పుడు అందరికీ తెలిసింది. అయినా కోర్టులు అనువాదకులను సాధారణంగా కేసును బట్టే పిలుస్తాయి కాబట్టి ఆ ఆదాయం ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. బధిరుల పాఠశాలలు, ఆసుపత్రులు, ప్రభుత్వ కార్యక్రమాల్లో పని చేస్తూ కోర్టు పనిని కలుపుకొంటే జీవనం నిలకడగా సాగుతుంది.

ప్రవేశాలకు ఇంకా సమయం ఉంటే, ఈలోగా మీ అమ్మాయిని ఇంటి బయటి బధిరులతో పరిచయం పెంచుకోమనండి, జిల్లా కోర్టులో బహిరంగంగా జరిగే విచారణలను కూర్చుని వినమనండి. మీ తమ్ముడి వాయిదా దగ్గరపడుతుంటే మాత్రం ముందు అనువాదకుని కోసం కోర్టుకు పెట్టే ఆ దరఖాస్తు పని చూడండి.