నాన్నగారికి కరిగిపోయే స్టెంట్ వేయించవచ్చా?

నాన్నగారికి షుగర్ ఉందని, యాంజియోగ్రామ్‌లో ఒక బ్లాక్ తేలిందని, కరిగే స్టెంటయితే (స్టెంటంటే బ్లాక్ తెరిచాక నాళంలో పెట్టే సన్న తీగల జాలీ గొట్టం) ఒంట్లో లోహం మిగలదు కదా అని అడిగారు. దాదాపు మిగలదు, నిజమే. కానీ అది కరగడానికి రెండు మూడేళ్లు పడుతుంది. చిక్కంతా ఆ లోపే.

మొదట బాగా పేరొచ్చిన అబ్బాట్ కంపెనీ వారి అబ్జార్బ్ స్టెంట్‌ది పాలీలాక్టిక్ ఆమ్లం, అంటే ఒంట్లో కరిగే ఒక రకం ప్లాస్టిక్. దానికి లోహమంత బలం లేదు కాబట్టి తీగల మందం 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పెట్టారు. ఇప్పటి లోహపు మందు స్టెంట్లలో, అంటే మందు పూసిన లోహపు స్టెంట్లలో, 60–80 చాలు. మందపు తీగ దగ్గర రక్తం సుడి తిరిగి గడ్డ కడుతుంది. అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది, 2017లో కంపెనీయే అమ్మకం ఆపేసింది. మన మెరిల్ వాళ్ల మెరెస్100 తీగలు 100 మైక్రాన్లకు తగ్గాయి.

అసలు తేడా స్టెంట్ వేసే గదిలో, అదే క్యాత్ ల్యాబ్‌లో వస్తుంది. ముందు నాళమంత సైజు ఎన్‌సీ బెలూన్‌తో (ఎక్కువ ఒత్తిడిలోనూ పెద్దగా సాగని గట్టి బెలూన్) బ్లాక్‌ను పూర్తిగా తెరవాలి. బెలూన్ నడుమ నొక్కు మిగిలితే అక్కడ కాల్షియం లొంగలేదని అర్థం, ఇక కరిగే స్టెంట్ మాట మర్చిపోవాలి. నాళం 2.5 మిల్లీమీటర్ల కన్నా సన్నమైతే కూడా వద్దు. స్టెంట్‌ను మెల్లగా, ఐదు సెకన్లకు రెండు అట్మాస్ఫియర్ల చొప్పున బెలూన్‌లో ఒత్తిడి పెంచుతూ విప్పాలి. తొందరపడితే తీగ విరుగుతుంది. తర్వాత మళ్లీ ఎన్‌సీ బెలూన్, 16 అట్మాస్ఫియర్లకు తగ్గకుండా. అయినా ఆ తీగలు ఎక్స్‌రేలో కనబడవు, రెండు కొసల్లో చుక్కలు మాత్రమే కనిపిస్తాయి. గోడకు అంటుకున్నాయో లేదో ఐవస్ (అల్ట్రాసౌండ్‌తో) గానీ ఓసీటీ (కాంతితో) గానీ చేసి నాళం లోపలి నుంచి చూస్తేనే తెలుస్తుంది. అంటుకోని తీగ కరిగేటప్పుడు నాళంలోకి జారి, రెండో ఏడో మూడో ఏడో గుండెపోటు తేవచ్చు. ఖర్చు పెరుగుతుందని ఇమేజింగ్ ఎగ్గొట్టేచోట ఈ స్టెంట్ వేయించనే వద్దు.

కరిగిపోతుందిగా, రక్తం గడ్డ కట్టకుండా ఇచ్చే మాత్రలెందుకని ఆరు నెలలకే ఆపేసేవాళ్లున్నారు. వినడానికే బాధగా ఉంటుంది. ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్ కనీసం ఏడాది వాడాలి. డాక్టర్ ఇంకా పొడిగించనూ వచ్చు.

తక్కువ ధరకే అందాలని అబ్దుల్ కలాం, డాక్టర్ సోమరాజు కలిసి చేసిన కలాం-రాజు స్టెంట్ పుట్టిన హైదరాబాద్‌లో కూడా ఖరీదైనదే మంచిదన్న భ్రమ పోలేదు. 2017 ఫిబ్రవరిలో మందుల ధరలు నియంత్రించే కేంద్ర సంస్థ ఎన్‌పీపీఏ కరిగే స్టెంటుకూ లోహపు మందు స్టెంటుకూ ఒకే గరిష్ఠ ధర పెట్టింది, అప్పట్లో 29,600 రూపాయలు. బిల్లులో స్టెంట్ పేరు, కంపెనీ, బ్యాచ్ నంబర్, ధర విడిగా రాయించుకోండి.

నాన్నగారి రిపోర్టులో కాల్షియం అనో, సన్న నాళమనో ఉంటే సన్నతీగల లోహపు మందు స్టెంటే వేయించండి.