గ్రాఫిక్స్ కార్డు కొనేముందు ఈ ఉత్తరం చదువమ్మా

చిరంజీవి మేనకోడలికి తిరుపతి నుంచి మీ పెద్దమామ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వు చిత్తూరు ఇంట్లో మీడియా సర్వర్ పెడుతున్నావనీ, మన ఇంటి పెళ్ళిళ్ళ వీడియోలన్నీ అందులోకి ఎక్కించి హాల్లోని టీవీకీ బెంగళూరులో ఉన్న మీ అక్క ఫోనుకూ అందేలా చేస్తానంటున్నావనీ చెప్పింది. ఆ తర్వాత నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్ళు వీడియో స్టూడియో నడిపిన నా పనిని మన ఇంట్లో ఒకరు అందుకుంటున్నారన్న సంతోషం కొంత. అందుకోసం దాదాపు అరవై వేలు పెట్టి ఆటలాడేవాళ్ళు కొనే ఎన్విడియా వారి ఆర్‌టీఎక్స్ 4070 గ్రాఫిక్స్ కార్డు చూసుకున్నావన్న దిగులు కొంత. నువ్వు ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. నన్ను ఒక్క మాట అడగకుండా అంత డబ్బు పెట్టాలని ఎలా అనుకున్నావు? సరే, కోపం లేదు. తెల్లవారగానే కూర్చుని రాస్తున్నాను, నిదానంగా చదువు.

ముందు అసలు కార్డు అవసరమో కాదో తేల్చుకో. ఫైలు ఏ రూపంలో ఉందో ఆ రూపంలోనే టీవీ ఆడించగలిగితే సర్వర్ దాన్ని ఉన్నదున్నట్టు పంపిస్తుంది, మార్చే పనే ఉండదు. టీవీకి ఆ కోడెక్, అంటే వీడియోను కుదించిన పద్ధతి, తెలియనప్పుడు, దూరాన ఉన్నవారికి ఇంటర్నెట్ వేగం చాలనప్పుడు, బొమ్మల రూపంలో ఉన్న సబ్‌టైటిళ్ళను వీడియోలో కలపవలసి వచ్చినప్పుడు, హెచ్‌డీఆర్, అంటే వెలుగు చీకట్ల తేడా ఎక్కువగా ఉండే చిత్రాన్ని మామూలు తెరకు తగినట్టు దించవలసి వచ్చినప్పుడు మాత్రమే ట్రాన్స్‌కోడింగ్, అంటే వీడియోను వేరే రూపంలోకి మార్చే పని, మొదలవుతుంది. ఇంట్లో ఒకేసారి ఎంతమంది చూస్తారో లెక్క వేసుకో. నా అంచనాలో ముగ్గురికి మించరు.

ఇక నీ కంప్యూటర్‌లోని ప్రాసెసర్ పేరు చూడు. ఇంటెల్ 2011 నుంచి తన ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్‌లోనే క్విక్ సింక్ అనే వీడియో భాగాన్ని పెడుతోంది. ఏడో తరం నుంచి అది 10 బిట్ హెచ్‌ఈవీసీ అనే కోడెక్‌ను కూడా విప్పగలదు, కట్టగలదు. పేరు చివర ఎఫ్ అనే అక్షరం ఉంటే మాత్రం అందులో గ్రాఫిక్స్ ఉండదు. ఎఫ్ లేకపోతే మన ఇంటి అవసరానికి నీ దగ్గర ఉన్నదే సరిపోతుంది, పైసా ఖర్చు పెట్టనక్కర్లేదు. మీ అమ్మ చెప్పినదాన్ని బట్టి నువ్వు తెచ్చుకున్నది 12400ఎఫ్ అనుకుంటున్నాను. అలాగైతే కార్డు కావాలి, కాబట్టి మిగతా ఉత్తరం నీకు పనికివస్తుంది.

వీడియో మార్చడంలో రెండు పనులున్నాయి: కట్టిన మూట విప్పడం ఒకటి, విప్పినదాన్ని మళ్ళీ వేరే రకంగా కట్టడం మరొకటి. మొదటిది డీకోడింగ్, రెండోది ఎన్‌కోడింగ్. కార్డులో ఈ పనులకు విడి భాగాలుంటాయి. ఆటల బొమ్మలు గీసే కోర్లతో వాటికి సంబంధం చాలా తక్కువ. నువ్వు చూసుకున్న 4070లోనూ, దానికంటే ఎంతో చవకైన 4060లోనూ ఉన్నది అదే ఎనిమిదో తరం ఎన్వెంక్ అనే ఎన్విడియా ఎన్‌కోడర్, రెండింటిలోనూ ఒక్కటే. ఎక్కువ పెట్టే డబ్బంతా ఆటల వేగానికే పోతుంది.

ఈ విప్పడం, కట్టడం మధ్య తేడా తెలియక నేను చేసిన తప్పు నీకు చెప్పాలి. ఇప్పటిదాకా మీ అమ్మకు కూడా చెప్పలేదు.

2018లో మీ అక్క పెళ్ళి చిత్తూరులో జరిగింది, అప్పుడు నువ్వు పదో తరగతి. పెళ్ళికి పది రోజుల ముందు మీ అవ్వ తుంటి ఎముక విరిగి తిరుపతి ఇంట్లో మంచం పట్టింది. మనవరాలి పెళ్ళి కళ్ళారా చూడలేకపోతున్నానని ఆమె ఏడిస్తే, నాలుగు రోజుల్లో మొత్తం నీ చేతిలో ఆడిస్తానమ్మా అని మాట ఇచ్చాను. మా కుర్రాళ్ళు పెళ్ళంతా ఫోర్‌కేలో తీశారు. ఎడిట్ చేసిన ఫైళ్ళు హెచ్‌ఈవీసీలో ఉన్నాయి, మీ అవ్వ పాత టాబ్లెట్‌కేమో హెచ్.264 అనే పాత కోడెక్ తప్ప మరొకటి తెలియదు. స్టూడియోలోని నాలుగు కోర్ల పాత కంప్యూటర్‌ను సర్వర్‌గా పెట్టి, దానికొక గ్రాఫిక్స్ కార్డు తగిలిస్తే సరిపోతుందనుకున్నాను. ఉదయం గరుడాద్రి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్ళి, రిచీ స్ట్రీట్‌లో ఒక అంగట్లో, ఫోర్‌కే ఆడుతుందా అని అడిగాను. అంగడి అబ్బాయి అక్కడికక్కడే ఒక ఫోర్‌కే వీడియో పెట్టి చూపించాడు. నీళ్ళు పారినట్టు ఆడింది. నా ప్రశ్నకు అతను నిజమే చెప్పాడు. నేను అడగవలసిన ప్రశ్న అడగలేదు. పెట్టెను ఒళ్ళో పెట్టుకుని సాయంత్రం బండికే తిరిగి వచ్చాను.

ఆ కార్డు విప్పగలదు, కట్టలేదు. ఎన్‌కోడర్ అనే భాగమే అందులో లేదు. ఆ సంగతి తెలియక, ఎన్‌కోడింగ్ ఎంచుకున్న ప్రతిసారీ వచ్చే ఎర్రర్‌ను చూసి డ్రైవర్ తప్పనుకుని, మూడు రాత్రులు డ్రైవర్లు తీసి మళ్ళీ వేస్తూ కూర్చున్నాను. నాలుగో రోజు మాట నిలబెట్టుకోవాలని, కట్టే పనంతా ప్రాసెసర్‌కే అప్పగించి టాబ్లెట్ మీ అవ్వ చేతికిచ్చాను. రెండు క్షణాలు ఆడి ఐదు క్షణాలు ఆగేది. మేనమామగా నేను మీ అక్కను గంపలో కూర్చోబెట్టి మండపానికి తెచ్చే ఘట్టం కోసమే ఆమె కాచుకుని ఉంది. సరిగ్గా అక్కడే బొమ్మ నిలిచిపోయింది. కంప్యూటర్ ఫ్యాన్ హోరు పక్క గదిలోకి వినిపిస్తోంది. మీ అవ్వ కాసేపు చూసి, “పిల్ల నవ్విందా, ఏడ్చిందా, నువ్వే చెప్పురా” అని టాబ్లెట్ పక్కన పెట్టేసింది. మంచం పక్కన కూర్చుని పెళ్ళంతా నోటితో చెప్పాను.

ఆ రాత్రే మొండితనం మానుకుని, ఫైళ్ళన్నిటినీ 720పీ హెచ్.264లోకి మార్చమని ప్రాసెసర్‌కు పని పెట్టి పడుకున్నాను. తెల్లారేసరికి సగం, మరునాటి రాత్రికి మిగతా సగం అయ్యాయి. అప్పుడు చూసింది, రెండుసార్లు చూసింది. ఆడే పరికరం ఏదో ముందే తెలిసినప్పుడు అలా రెండో ప్రతి తయారుచేసి పెట్టుకుంటే ఏ కార్డూ లేకుండా పని జరుగుతుందని మొదటి రోజే తట్టి ఉంటే ఆ సాయంత్రం ఆమెకు ఆ కష్టం ఉండేది కాదు. మరుసటి సంక్రాంతికి ఆమె లేదు. తయారీదారు పట్టికలో ఆ కార్డు ఎదుట ఎన్‌కోడర్ గడిలో లేదని స్పష్టంగా ఉంది, రెండు నిమిషాల పని, నేను చూడలేదు.

అందుకని కార్డు పేరు ఎవరు చెప్పినా, అది విప్పుతుందా, కడుతుందా, ఏయే కోడెక్‌లలో అని మూడు ప్రశ్నలూ విడివిడిగా అడుగు. ఎన్విడియా తన కార్డులన్నిటికీ ఈ పట్టికను వెబ్‌సైట్‌లోనే పెట్టింది. జీటీ 1030లో ఎన్‌కోడర్ లేదు. ఏఎండీ వారి ఆర్‌ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీలలో కూడా లేదు. అవి 2022లో వచ్చినవి కదా, కొత్తవి కదా అని మోసపోవద్దు. జీటీఎక్స్ 1650 మొదట వచ్చినప్పుడు అందులో పాత తరం ఎన్‌కోడర్ ఉంది, 1650 సూపర్‌లో మెరుగైనది ఉంది. పాత సామాను కొంటే పేరు చివరి మాట దాకా చదువు.

నా ఎంపిక అడిగితే ఇంటెల్ ఆర్క్ ఏ310 లేదా ఏ380 అంటాను. హెచ్.264, హెచ్‌ఈవీసీలతో పాటు ఏవీ1 అనే మరింత కొత్త కోడెక్‌ను కూడా ఇవి కట్టగలవు. మన పాత టీవీకి ఏవీ1 అర్థం కాదు కాబట్టి దాని కోసం మాత్రం డబ్బు పెంచవద్దు. సర్వర్‌లో లినక్స్ పెడితే దాని కెర్నెల్ (మూల భాగం) 6.2 గానీ ఆ తర్వాతిది గానీ ఉండేలా చూసుకో. మీడియా సర్వర్ సాఫ్ట్‌వేర్ జెల్లీఫిన్ అయితే కార్డు వాడుకోవడానికి రుసుము లేదు, ప్లెక్స్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో అందుకు ప్లెక్స్ పాస్ కొనాలి.

కరెంటు సంగతి నాకు అన్నిటికంటే భయం. సర్వర్ రాత్రింబవళ్ళు ఆడుతుంది, మన ఎండలు నీకు తెలుసు, ఏప్రిల్ దాటితే ఇంట్లో వట్టి గాలే వేడి. ఏ310, ఏ380లు 75 వాట్ల తరగతివి, అంటే మదర్‌బోర్డు స్లాట్ ఇవ్వగలిగినంత. అయినా ఏ380 బోర్డులు కొన్నిటికి విడిగా పవర్ వైరు కావాలి, కొనేముందు ఫోటో చూడు. ఆర్క్ కార్డులు ఖాళీగా ఉన్నప్పుడు కూడా కొంత ఎక్కువ కరెంటు తాగుతాయి, బయాస్‌లో, అంటే కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగుల్లో, ఏఎస్‌పీఎమ్ అనే కరెంటు పొదుపు అమరిక ఆన్ చేస్తే తగ్గుతుంది. ఆ డబ్బాను బీరువా అరలో మూసి పెట్టవద్దు. గాలి ఆడేచోట, నేల మీద కాకుండా, యూపీఎస్‌కు తగిలించి పెట్టు. మీ నాన్న దాని మీద గుడ్డ కప్పకుండా చూసుకో.

ఇంకొక్క మాట, దీన్ని మాత్రం ఆజ్ఞగా తీసుకో. కార్డు వేగంగా కడుతుంది కానీ, అదే సైజులో ప్రాసెసర్ తీరిగ్గా కట్టినంత నాణ్యంగా కట్టదు. చూడటానికి అది చాలు. కానీ పాత క్యామెరా మినీ డీవీ టేపుల నుంచి ఎక్కించిన ఫైళ్ళు గంటకు 13 జీబీ తింటున్నాయని వాటిని కార్డుతో చిన్నవి చేసి అసలువి తుడిచేస్తే, ఆ టేపులు మళ్ళీ ఆడతాయన్న నమ్మకం లేదు, కాబట్టి అసలువి తుడిచెయ్యవద్దు. డిస్కు చాలకపోతే నాకు చెప్పు, నేను కొనిస్తాను.

మీ అవ్వ టాబ్లెట్ ఇంకా నా బీరువాలోనే ఉంది, ఛార్జింగ్ పెడితే ఇప్పటికీ వెలుగుతుంది. వచ్చే ఆదివారం మీ అమ్మతో పాటు వచ్చి తీసుకుపో. నీ సర్వర్ సిద్ధమైన రోజు మొదట అందులోనే మీ అక్క పెళ్ళి ఫోర్‌కే ఫైలు పెట్టి, గంప ఘట్టం దాకా ఆగకుండా ఆడిందో లేదో చూసి నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
నీ పెద్దమామ