పైథాన్ మానేసి రస్ట్ నేర్చుకోమంటున్నారు, ఏం చేయాలి?

విశాఖ గాజువాక నుంచి ఒక నాన్నగారు రాశారు. ఆయన స్టీల్ ప్లాంటులో పనిచేస్తారు, అమ్మాయి బీటెక్ మూడో ఏడాది. సముద్రం, వాతావరణం లెక్కల వైపు వెళ్లాలని ఉందట, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష బాగానే రాస్తుందట. సీనియర్లు మాత్రం "పైథాన్ స్లో, సైంటిఫిక్ పనికి పనికిరాదు, రస్టో జూలియానో పట్టుకో" అని వేరే భాషల పేర్లు చెప్పి భయపెట్టారు. సిటీలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు రస్ట్ కోర్సుకి 45 వేలు అడుగుతున్నారు, కట్టమంటారా అని ఆయన ప్రశ్న.

కట్టొద్దండీ. ఇప్పుడైతే అస్సలు వద్దు.

సీనియర్లు చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం, చిక్కంతా అక్కడే ఉంది. పైథాన్ నిదానమే. కానీ అమ్మాయి నమ్‌పై (పైథాన్‌లో అంకెల లెక్కలకి వాడే లైబ్రరీ, అంటే రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) వాడినప్పుడు లెక్క చేసేది పైథాన్ కాదు, సీ భాషలో రాసి ముందే కంపైల్ చేసి, అంటే యంత్రానికి నేరుగా అర్థమయ్యేలా మార్చి పెట్టిన కోడ్. మీ ప్లాంటులో కన్వేయర్ బెల్టు చూస్తూనే ఉంటారుగా, బటన్ నొక్కేది కంట్రోల్ రూములో మనిషి, సరుకు మోసేది బెల్టు, ఆ మనిషి ఎంత నిదానస్తుడైనా బెల్టు వేగం తగ్గదు. అదే మనిషి ప్రతి రాయి దగ్గరా బెల్టు ఆపి "నువ్వెంత బరువు" అని అడుగుతూ కూర్చుంటే? నమ్‌పై అర్రే (అంకెల వరస) మీద పైథాన్ ఫర్ లూప్ (ఒకే పని మళ్లీ మళ్లీ చేయించే కోడ్) పెట్టి ఒక్కొక్క అంకె తీయడం అచ్చంగా ఆ పనే. 10 లక్షల దశాంశ సంఖ్యలు నమ్‌పైలో ఒక్కోటి 8 బైట్ల చొప్పున, పక్కపక్కనే వరసగా, 80 లక్షల బైట్లలో సర్దుకుంటాయి. మామూలు లిస్టులో ఒక్కో సంఖ్యకి 24 బైట్లు, దాని అడ్రసు రాసుకోవడానికి ఇంకో 8, అంటే నాలుగింతలు.

కిందటేడు మద్దిలపాలెం నుంచి ఒక కుర్రాడు వచ్చాడు, గంటగంటకీ కొలిచిన అలల ఎత్తుల ఫైలు పట్టుకుని. ప్రతి గంటకీ వెనకటి 24 గంటల సగటు కావాలి, లూపులో లూపు పెట్టాడు, ల్యాప్‌టాప్ ఫ్యాను బుయ్యిమంటోంది, "సార్, జూలియాకి మారిపోతాను" అన్నాడు. ముందు మొత్తం కూడుకుంటూ పోయి, 24 గంటల వెనక ఉన్న మొత్తాన్ని తీసేసి, 24తో భాగించమన్నాను, రెండు లైన్లు. టీ గ్లాసు అందుకునేలోపు అయిపోయింది. వాడు నమ్మలేదు, పాత జవాబు పక్కన పెట్టి చూస్తే ఒక గంట అటూ ఇటూ జరిగింది (తప్పు నాదే), సరిచేశాక రెండూ కలిశాయి. జూలియా ఊసు మళ్లీ ఎత్తలేదు.

అలాగని జూలియాని తీసిపారేయను. నిన్నటి విలువ వస్తేగానీ ఇవాళ్టిది రాని లెక్కలుంటాయి, వాటిలో లూప్ తప్పదు, జూలియాలో ఆ లూప్ కూడా కంపైల్ అయిపోతుంది. పైథాన్‌లో అదే పనికి నంబా అనే లైబ్రరీ ఉంది, ఫంక్షన్ నెత్తిన ఒక్క లైను తగిలిస్తే చాలాసార్లు సరిపోతుంది. రెండింటిలోనూ మొదటి రన్‌లో కంపైల్ టైము కలిసి ఉంటుంది కాబట్టి స్పీడు కొలిచేటప్పుడు రెండో రన్ చూడాలి. స్పీడు పోలికల్లో ఇంకో మోసం మ్యాట్రిక్స్ గుణకారం. విండోస్‌లో, లైనక్స్‌లో పిప్‌తో (పైథాన్ లైబ్రరీలు దించుకునే సాధనం) వేసిన నమ్‌పైలో ఆ గుణకారం చేసేది ఓపెన్‌బ్లాస్ అనే లైబ్రరీ, జూలియాతో మామూలుగా వచ్చేదీ ఓపెన్‌బ్లాసే. హోటల్ బోర్డులు వేరు, వంటమేస్త్రి ఒకడే, ఆ పోలికతో ఎవరు గెలిచారని ఏం తేలుస్తారు?

ఇక రస్ట్. 2020లో మొదలైన పోలార్స్ అనే లైబ్రరీ దాంట్లో రాసిందే, పెద్ద టేబుళ్ల మీద బాగా వేగం, లేజీ పద్ధతిలో (ఏం కావాలో అంతా చెప్పాక చివర్లో ఒకేసారి పని చేయించడం) అడిగితే కావలసిన కాలమ్‌లే చదువుతుంది, ప్రాసెసర్‌లోని కోర్లన్నీ వాడుతుంది. టేబుళ్ల పనికే పైథాన్‌లో వాడే పాండాస్ లైబ్రరీ 2008 నాటిది, ఎక్కువ పనులు ఒక్క కోర్ మీదే లాగుతుంది, కానీ ఉద్యోగంలో చేరాక చేతికొచ్చే పాత కోడ్ దాంట్లోనే ఉండే అవకాశం ఎక్కువ. అసలు సంగతి, పోలార్స్ వాడటానికి రస్ట్ ఒక్క ముక్క రానక్కర్లేదు, పైథాన్ నుంచే పిలవచ్చు. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఈ మాట చెప్పారా?

అమ్మాయికి సముద్రమే కావాలంటే నేను ఫోర్ట్రాన్ అనే పాతకాలం భాష నేర్చుకోమంటాను, నవ్వకండి. వాతావరణానికి వాడే డబ్ల్యూఆర్ఎఫ్, సముద్రానికి వాడే రోమ్స్, రెండు మోడళ్లూ (కంప్యూటర్‌లో అంచనాలు కట్టే ప్రోగ్రాములు) ఫోర్ట్రాన్‌లో ఉన్నవే. రేపు ఆంధ్రా యూనివర్సిటీలో మెటియొరాలజీ, ఓషనోగ్రఫీ పీజీకి వెళ్లినా, మన ఊళ్లోని ఎన్ఐఓ (జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ) ప్రాంతీయ కేంద్రంలో ప్రాజెక్టు దొరికినా అది చదివి అర్థం చేసుకోగలిగితే చాలు, రాయడం తర్వాత. ఆ మోడళ్ల ఫలితాలు నెట్‌సీడీఎఫ్ అనే రకం ఫైళ్లలో వస్తాయి, వాటికి పాండాస్ కంటే ఎక్స్‌అర్రే అనే పైథాన్ లైబ్రరీ సుఖం.

అమ్మా, నువ్వూ చదువుతుంటే ఇది నీకు. ఈ సెమిస్టర్ నమ్‌పై తప్ప ఇంకేం ముట్టుకోకు, నీ పాత ప్రాజెక్టు తీసి ప్రొఫైలర్ (కోడ్‌లో ఎక్కడ ఎంత టైము పడుతోందో కొలిచే సాధనం) పెట్టి ఏ లైను టైము తింటోందో చూడు, నీకు అనుమానం లేని లైనే దొరుకుతుంది చాలాసార్లు. ఇంటర్వ్యూలో "ఫాస్ట్ చేశాను" అంటే ఎందుకు ఫాస్ట్ అయిందని తప్పకుండా అడుగుతారు, అక్కడ తడబడితే రస్ట్ సర్టిఫికెట్ కూడా ఆదుకోదు. ఈ లైబ్రరీల సోర్సంతా బయటే ఉంది, డాక్యుమెంటేషన్‌లో ఒక తప్పు దిద్ది పంపించు, దాన్ని చూసేవాళ్లు ఏమంటారో చదువు, ఎంత నేర్చుకుంటావో నీకే తెలుస్తుంది. సీలో పాయింటర్లు మర్చిపోయి ఉంటే వేసవి సెలవుల్లో తిరగేయి.

నాన్నగారూ, ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 4 జీబీయే అని రాశారు. ఆ 45 వేలలో కొద్దిగా తీసి ముందు అది పెంచించండి. మోడల్ నంబరు తీసుకెళ్లి షాపులో అడగండి, కొన్ని ల్యాప్‌టాపుల్లో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, మార్చడం కుదరదు.