పూడిక తీసిన చెరువు జోలికి పోకు

విశాఖపట్నం

అమ్మలూ,

పీహెచ్‌డీలో చేరావని, చెరువుల అడుగు మట్టి మీద పని చేస్తావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. "బురద చూసి వేల ఏళ్ల కిందటి వానలు ఎలా చెబుతారన్నయ్యా" అని నవ్వాడు కూడా. వాడికి నువ్వే చెప్పుకో. ముప్పై ఏళ్లు ఆ బురదలోనే తిరిగినవాణ్ణి కాబట్టి నీకు పనికొచ్చే నాలుగు ముక్కలు రాస్తున్నాను.

అందరూ ల్యాబ్ మెషీన్ల గురించి టెన్షన్ పడతారు గానీ, పని చెడేది చెరువు ఎంచుకునే దగ్గరే. మన వైపు ఎండాకాలంలో పూడిక తీస్తారు. ఆ ఒండ్రుమట్టిని రైతులు ట్రాక్టర్లతో పొలాలకు తోలుకుంటారు. అలాంటి చోట మట్టి నమూనా తీసే పైపు దింపితే పైన మొన్నటి మట్టి, దాని కిందే ఎప్పటిదో మట్టి వస్తాయి. మధ్యలోది ఎవరి వరిమడిలోనో ఉంటుంది. కొల్లేరులో అయితే చేపల చెరువుల గట్లు వేశారు, 2006లో వాటిని కొట్టేశారు. అక్కడా మట్టి తిరగబడని చోటు వెతుక్కోవాలి. అందుకే మ్యాపు కన్నా ముందు ఊళ్లో ముసలివాళ్లను పట్టుకో. పూడిక ఎప్పుడు తీశారు, గేదెలు ఏ పక్క దిగుతాయి, చెరువు ఎప్పుడైనా అడుగంటా ఎండిందా, అన్నీ అడుగు.

ఈ ఎండడం సంగతి తేలిగ్గా తీసుకోకు. నీళ్లుంటేనే మట్టి పొర మీద పొరగా కూర్చుంటుంది. చెరువు ఎండి నేల నెర్రెలు విచ్చిందంటే పై పొర గాలికి లేచిపోతుంది, కొత్త మట్టి ఆ నెర్రెల్లోకి జారుతుంది. నువ్వు ఏ కరువు కోసం వెతుకుతున్నావో సరిగ్గా ఆ కరువు నాటి మట్టే నీ పైపులో ఉండదు! లోతైన చోట, నడిమధ్యన, ఒకటి కాదు కనీసం రెండు పైపులు తియ్యి.

తీసిన వెంటనే పైకొస ఏదో, అడుగుకొస ఏదో పైపు మీదే గాటు పెట్టు. మార్కర్‌ను నమ్మకు. నా మొదటి పైపు మీద బాణం గుర్తు మార్కర్‌తోనే గీశాను. దారిలో వాన పడింది, గుర్తు చెరిగింది. ఆర్నెల్లు తల్లకిందులుగా చదివాను. చివరికి అడుగున ఉందనుకున్న చోట ప్లాస్టిక్ కవరు ముక్క దొరికితే గాని బుర్ర వెలగలేదు.

పైపును నిలువునా చీల్చే రోజు తీరిక పెట్టుకో. కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, భయపడకు. నల్లగా నిగనిగలాడే చారలు గాలి తగిలాక కాసేపటికే గోధుమరంగుకు తిరుగుతాయి. ఆ నలుపు అడుగున ఆక్సిజన్ లేదని చెప్పే సాక్ష్యం. కాబట్టి ముందు ఫొటో, తర్వాతే కాఫీ.

డబ్బు మిగిల్చుకోవాలనిపిస్తే ఎక్కడైనా మిగుల్చుకో, వయసు కట్టించే దగ్గర మాత్రం వద్దు. పైనున్న కొత్త మట్టికి సీసం-210 అనే రేడియోధార్మిక సీసం వాడు. దాని అర్ధాయువు, అంటే అది సగానికి తరిగే కాలం, సుమారు 22 ఏళ్లు, నూరు నూట యాభై ఏళ్ల దాకా పనికొస్తుంది. దానికి తోడు అణుపరీక్షల నుంచి రాలిన సీజియం 1963 నాటి పొర దగ్గర ఎత్తుగా కనిపించాలి. అంతకన్నా పాతదానికి కార్బన్-14. దానికి ఆకో, గింజో, బొగ్గు ముక్కో ఏరి పంపు, నత్తగుల్లలు వద్దు. బొర్రా గుహల వైపు లాగా సున్నపురాయి ఉన్న చోట నీళ్లలో పాత కార్బన్ కలిసి, నిన్న చచ్చిన నత్తకు కూడా వందల ఏళ్ల వయసు చూపిస్తుంది. కార్బన్-14 వయసు లెక్క 1950 నుంచి వెనక్కి అన్నది మరచిపోకు.

రాజస్థాన్ ఉప్పు సరస్సులు నిండుగా ఉన్న రోజుల్లోనే హరప్పా నగరాలు వెలిగాయని 1970లలో అనుకున్నారు. 1999లో అక్కడి లూణ్‌కరణ్‌సర్ సరస్సు మట్టికి వయసు గట్టిగా కట్టి చూస్తే, ఆ సరస్సు ఎండిపోయిన వెయ్యేళ్లకు గాని ఆ నగరాలు వెలగలేదని తేలింది. డేట్లు మారితే కథే మారిపోతుంది.

ఏ కాలంలో ఏ మొక్కలు పెరిగాయో చెప్పే పుప్పొడిని మట్టిలోంచి తీయడానికి హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ వాడాల్సి వస్తుంది. అది ఇసుకనే కాదు, గాజునూ తినేస్తుంది. చర్మం మీద పడితే మొదట నొప్పి కూడా తెలియకపోవచ్చు, లోపల ఎముక దాకా పోతుంది. కాల్షియం గ్లూకోనేట్ జెల్ పక్కన లేకుండా సీసా మూత తియ్యకు. ఒంటరిగా అసలే వద్దు. ఇందులో నా మాట కాదనకు.

ఇంకొకటి. ఏడాదికి ఒక మిల్లీమీటరు మట్టి పేరుకుంటే నువ్వు కోసే సెంటీమీటరు ముక్కలో పదేళ్లు కలిసిపోయి ఉంటాయి. అందులో 1876-78 నాటి ధాత కరువు దొరికిందని పేపర్ రాసేస్తే వైవాలో ఇరుక్కుంటావు. ఇసుక పొర కనబడగానే తుఫాను అనకు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు మన బీచ్ ఎలా అయిందో చూశావు, నిజమే. కానీ గట్టున అడవి నరికినా, రోడ్డు వేసినా వాగు ఇసుక దిగుతుంది. పుప్పొడి, రేణువుల సైజు, మట్టిలోని కార్బన్ మూడూ ఒకే మాట చెబితే అప్పుడు రాయి.

వచ్చే ఆదివారం కొండకర్ల ఆవ సరస్సుకు వెళ్దాం. పైపులూ వద్దు, పర్మిషన్లూ వద్దు, ఊరికే చూసొద్దాం. తాటిదోనె నడిపే ఆయనతో మాట్లాడాను, పొద్దున్నే ఆరింటికి రమ్మన్నాడు. బూట్లు వేసుకురాకు, జారతాయి. చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కడమే.

మీ పెదనాన్న