ఒలింపిక్ స్వర్ణం లేని మావో అసాదా అంటే జపాన్‌లో అంత అభిమానం ఎందుకు?

ఒక్క ఒలింపిక్ రజతం ఉన్న ఫిగర్ స్కేటర్‌కి ఇంత పేరేమిటి, 2010 వాంకోవర్ ఒలింపిక్స్‌లో ఆమెకు అన్యాయం జరిగిందా అని అడిగారు. ఉద్యోగం పేరుతో కొన్నేళ్లు నగోయాలో ఉన్నాను. మావో పుట్టి పెరిగిన ఊరు అదే. స్కేటింగ్ గురించి నాకు తెలిసింది చాలావరకు ఆఫీసులో జపాన్ వాళ్లు చెప్పగా విన్నది, మా అమ్మాయిని తీసుకెళ్లిన ఓసు రింక్‌లో చూసింది.

పతకాల సంగతి ముందు చెప్పేస్తాను. ప్రపంచ ఛాంపియన్‌షిప్ మూడుసార్లు (2008, 2010, 2014), గ్రాండ్ ప్రి ఫైనల్ (సీజన్లో మేటి స్కేటర్లు మాత్రమే తలపడే పోటీ) నాలుగుసార్లు, జాతీయ టైటిల్ ఆరుసార్లు. ఇది తక్కువేం కాదు. కానీ జపాన్‌లో ఎవరినడిగినా ఈ జాబితా చెప్పరు, ట్రిపుల్ యాక్సెల్ అనే జంప్ పేరు చెప్తారు.

మిగతా జంప్‌లన్నీ వెనక్కి జారుతూ ఎగిరేవి. యాక్సెల్ ఒక్కటే ముందుకు చూస్తూ ఎగరాలి, దిగడం మాత్రం వెనక్కే. అందుకే ట్రిపుల్ అన్నా చుట్లు మూడున్నర. పోటీలో దాన్ని మొదట చేసిన మహిళ మిదోరి ఇతో, 1988లో. ఆవిడదీ నగోయానే. ఇద్దరూ మచికో యమదా అనే కోచ్ దగ్గర నేర్చుకున్నవాళ్లే. ఓసు కన్నోన్ గుడి దగ్గర, పాత బట్టల షాపులూ తినుబండారాల బళ్లూ ఉండే సందుల మధ్య ఆ రింక్ ఉంది. బయటి నుంచి చూస్తే ఏదో పాత ఆఫీసు బిల్డింగ్ అనుకుంటారు. తర్వాత ప్రపంచ ఛాంపియన్ అయిన షోమా ఉనో కూడా చిన్నప్పుడు అక్కడికి ఆడుకోవడానికి వస్తే, ఫిగర్ స్కేటింగ్ వైపు రమ్మని పిలిచింది మావోనే.

అక్కడ నేను గోడ పట్టుకుని నిలబడి ఉంటే, రింక్ మధ్యలో పదేళ్ల పిల్ల ఒకతె డబుల్ యాక్సెల్ ప్రాక్టీస్ చేస్తూ ఉండేది. వెనక్కి పొడుగ్గా జారి, ముందుకు తిరిగి, ఎడమ కాలి బ్లేడు బయటి అంచు మీద వాలి ఎగిరేది. తుంటి మీద పడేది. తడిసిన ప్యాంటు దులుపుకుని కోచ్ వైపు కూడా చూడకుండా మళ్లీ వెనక్కి వెళ్లేది. ముందుకు చూస్తూ ఎగరడంలో భయం ఏమిటో టీవీలో తెలియదు. అంత దగ్గర నుంచి చూస్తే కడుపులో తిప్పేస్తుంది. దానికింకా ఒక చుట్టు కలిపి, ఒలింపిక్స్‌లో చేయడం మావో పని.

ఆమెకు మొదటి దెబ్బ పుట్టినరోజు వల్లే. 2005 డిసెంబర్‌లో టోక్యోలో జరిగిన గ్రాండ్ ప్రి ఫైనల్లో అప్పటి ప్రపంచ ఛాంపియన్ ఇరీనా స్లుత్స్కయాను ఓడించింది. అప్పుడామెకు 15 ఏళ్లు. కానీ 2006 టురిన్ ఒలింపిక్స్‌కి అర్హత కావాలంటే 2005 జులై 1 లోపే 15 నిండాలి. ఆమె పుట్టింది సెప్టెంబర్ 25న. 87 రోజుల తేడాతో ఇంట్లో కూర్చుంది. ఆ ఒలింపిక్స్‌లో స్వర్ణం జపాన్‌కే వచ్చింది, షిజుకా అరకవా తెచ్చింది. మావో వెళ్లి ఉంటే ఏమయ్యేదని మా ఆఫీసులో అన్నేళ్ల తర్వాత కూడా వాదించుకునేవారు, మన దగ్గర క్రికెట్ గురించి వాదించుకున్నట్టు.

ఇక వాంకోవర్, 2010. పోటీలో రెండు భాగాలుంటాయి, చిన్నదైన షార్ట్ ప్రోగ్రామ్, పొడుగైన ఫ్రీ ప్రోగ్రామ్. షార్ట్‌లో ఒకటి, ఫ్రీలో రెండు, మొత్తం మూడు ట్రిపుల్ యాక్సెల్‌లు దింపింది. ఒకే పోటీలో అన్ని చేసిన మహిళగా గిన్నిస్‌లోకి ఎక్కింది. అయినా స్వర్ణం గెలిచిన దక్షిణ కొరియా స్కేటర్ కిమ్ యునాకు 228.56 పాయింట్లు, ఈమెకు 205.50. అన్యాయం అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, నేను ఒప్పుకోను. ఆ సీజన్లో ట్రిపుల్ యాక్సెల్ విలువ 8.2 పాయింట్లు, ట్రిపుల్ లుట్జ్ అనే ఇంకో జంప్‌ది 6. తేడా రెండు పాయింట్ల పైచిలుకే. పైగా పావు చుట్టుకి మించి తగ్గితే దాన్ని డబుల్‌గా లెక్కకట్టేవాళ్లు, అంటే 3.5 మాత్రమే. అంత రిస్క్‌కి అది గిట్టుబాటు బేరం కాదు. కిమ్ ఆ రిస్క్ జోలికి పోకుండా, చేసిన ప్రతి జంప్‌నీ వేగంతో, ఎత్తుతో చేసి నాణ్యతకిచ్చే మార్కులు దండుకుంది. మావో ఫ్రీలో రెండు యాక్సెల్‌లూ దింపాక టో లూప్ అనే జంప్ మూడు చుట్లకు బదులు ఒక్క చుట్టుతోనే మిగిలిపోయింది. గెలవాల్సిన మనిషే గెలిచింది. కానీ లెక్క గిట్టుబాటు కాదని తెలిసీ ఆ జంప్ వదలకపోవడం అక్కడి జనానికి పట్టేసింది.

వాంకోవర్ తర్వాత ఆమె చేసిన పని నాకు ఇంకా గొప్పగా అనిపిస్తుంది. అప్పటికే రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్. అయినా నొబువో సతో అనే పెద్దాయన దగ్గర చేరి జంప్‌లన్నీ మొదటి నుంచి దిద్దుకోవడం మొదలుపెట్టింది. ఫలితం వెంటనే రాలేదు, 2011, 2012 ప్రపంచ పోటీల్లో రెండుసార్లూ ఆరో స్థానం. ఆ మధ్యలోనే, 2011 డిసెంబర్‌లో, గ్రాండ్ ప్రి ఫైనల్ కోసం కెనడాలో ఉండగా తల్లి పరిస్థితి విషమించిందని కబురొచ్చింది. పోటీ వదిలి బయల్దేరింది కానీ ఆఖరి చూపు దక్కలేదు. అదే నెలలో జాతీయ పోటీలకు దిగి గెలిచింది.

2014 సోచి ఒలింపిక్స్ సమయానికి నేను నగోయాలోనే ఉన్నాను. షార్ట్‌లో యాక్సెల్ దగ్గర పడింది, వరసగా రెండు జంప్‌లు చేయాల్సిన కాంబినేషన్ పోయింది, 55.51తో 16వ స్థానం. మర్నాడు మాజీ ప్రధాని యోషిరో మోరి, కీలకమైన సమయంలో ఆ అమ్మాయి ఎప్పుడూ పడిపోతుందని ఒక సభలో అన్నాడు. మా సెక్షన్లో ఎప్పుడూ నోరు మెదపని సీనియర్ ఒకాయన ఆ వార్త చదివి పేపర్ మడిచి చెత్తబుట్టలో పడేశాడు. జపాన్ ఆఫీసులో అది మామూలు విషయం కాదు.

ఫ్రీ ప్రోగ్రామ్ జపాన్ టైము ప్రకారం అర్ధరాత్రి దాటాక వచ్చింది. 16వ స్థానం కాబట్టి పతకానికి పోటీపడేవాళ్లకన్నా చాలా ముందే ఆమె వంతు. రాఖ్మనినోవ్ రెండో పియానో కాన్చెర్టో. ఆరు రకాల ట్రిపుల్ జంప్‌లూ ఆ నాలుగు నిమిషాల్లో చేసింది. ఒకటి రెండింట్లో చుట్టు కాస్త తగ్గిందని ప్యానెల్ కోత పెట్టింది, అయినా 142.71 వచ్చింది, ఆమె కెరీర్లో అదే బెస్ట్. ఫ్రీ వరకే చూస్తే మూడో స్థానం, మొత్తం మీద ఆరు. సంగీతం ఆగగానే ఏడ్చేసింది, వెంటనే తమాయించుకుని నవ్వింది. పొద్దున ఆఫీసుకి వెళ్తే అందరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి. పేపర్ పడేసిన సీనియర్ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఫోన్లో ఆ వీడియో పెట్టి నా ముందుకు జరిపాడు, ఒక్క మాట లేదు.

నెల తర్వాత సైతమాలో ప్రపంచ ఛాంపియన్‌షిప్. షార్ట్‌లో 78.66. వాంకోవర్లో కిమ్ నెలకొల్పిన 78.50 రికార్డు చెరిగిపోయింది. మూడో ప్రపంచ టైటిల్ కూడా అక్కడే.

ఆ తర్వాతి భాగం అభిమానులు ఎక్కువగా మాట్లాడరు. ఒక సీజన్ విరామం తీసుకుని తిరిగొచ్చింది, 2015 కప్ ఆఫ్ చైనా గెలిచింది. తర్వాత శరీరం సహకరించలేదు. 2016 చివర్లో జాతీయ పోటీల్లో 12వ స్థానం, 2017 ఏప్రిల్‌లో రిటైర్మెంట్. వీడ్కోలు ప్రెస్ మీట్‌లో, ట్రిపుల్ యాక్సెల్‌తో మాట్లాడే వీలుంటే ఏమంటారని అడిగితే, ఇంకాస్త సులువుగా ఎందుకు ఎగరనివ్వవు అంటానని చెప్పింది. 2024లో టోక్యో పరిధిలోని తాచికవాలో తన పేరు మీద రింక్ తెరిచింది, ఇప్పుడు పిల్లలకు నేర్పుతోంది.

చూడాలనుంటే ముందు సోచి షార్ట్ చూసి, వెంటనే ఫ్రీ చూడండి. టైముంటే 2008 గోథెన్‌బర్గ్ ప్రపంచ పోటీల ఫ్రీ కూడా. మొదట్లోనే యాక్సెల్‌కి ఎగరబోతూ కాలు జారి, జంప్ లేకుండానే దబ్బున పడి గోడదాకా వెళ్లిపోతుంది. ఆ పోటీలో మొదటి ప్రపంచ టైటిల్ ఆమెకే వచ్చింది.