మీ ఇంటి నుంచి మొదటిసారి కాలేజీ గడప తొక్కిన నీకు

శ్రీకాకుళం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

విజయనగరంలో ఇంజినీరింగ్‌లో చేరి నెల తిరగకముందే, "మా క్లాసులో అందరికీ అన్నీ తెలుసు మావయ్యా, నాకే ఏమీ తెలియదు" అని నువ్వు ఫోనులో అన్న మాట నన్ను వదలడం లేదు. 1989లో డిగ్రీ చదువుతూ నేనూ అలాగే అనుకున్నాను. నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసే మా నాన్నకు కాలేజీ అంటే ఇంకా పెద్ద బడి అని మాత్రమే తెలుసు. ఫిజిక్స్ పేపరు పోయినప్పుడు, మళ్లీ రాయడానికి ఫీజు ఫలానా తేదీలోగా కట్టాలని నాకు చెప్పినవారు లేరు, ఆఫీసుకు వెళ్లి అడగడానికి నోరు రాలేదు. పక్క గదిలో ఉన్న మాస్టారుగారబ్బాయికీ అదే పేపరు పోయింది. వాళ్ల నాన్నగారు ఆ వారమే వచ్చి ఫీజు కట్టించి వెళ్లారు. మా ఇద్దరి మార్కులకూ తేడా మూడే, కానీ అతను నాకంటే ఏడాది ముందు పట్టా అందుకున్నాడు.

ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతూ నేను చూసినది కూడా ఇదే. తల్లిదండ్రులు కాలేజీ చదివిన ఇళ్లలో భోజనాల దగ్గర దొర్లే మాటల్లోనే క్రెడిట్లు, బ్యాక్‌లాగులు (తప్పి మిగిలిపోయిన పేపర్లు), ఇంటర్న్‌షిప్పులు పిల్లల చెవిన పడిపోతాయి. అమెరికాలో తల్లిదండ్రులిద్దరికీ డిగ్రీ లేని విద్యార్థిని "మొదటి తరం విద్యార్థి"గా చట్టంలోనే గుర్తించి, అలాంటి పిల్లలకు సాయంగా ప్రత్యేక పథకాలు నడుపుతున్నారు. మన దగ్గర ఆ పేరు పెట్టి పిలవకపోయినా అలాంటి పిల్లలు ప్రతి తరగతిలో ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం విజయనగరం జిల్లాలో స్త్రీల అక్షరాస్యత 49.87 శాతం. చదవడం, రాయడం వస్తే చాలు ఆ లెక్కలోకి వస్తారు గనుక, మూడో తరగతిలో బడి మానేసిన మీ అమ్మ లాంటివారు కూడా అక్షరాస్యుల కిందకే వస్తారు. విశ్వవిద్యాలయం నోటీసు చదివి ఏం చేయాలో తేల్చుకోవడానికి ఆ చదువు చాలదు.

అందువల్ల ముందుగా నీ కోర్సు నిబంధనల పుస్తకం సంపాదించి, పరీక్షకు చదివినట్టే చదువు. మీ విశ్వవిద్యాలయం జేఎన్టీయూ పద్ధతిలో హాజరు 75 శాతం ఉండాలని, 65కూ 75కూ మధ్య ఉన్నవారు తగిన కారణం చూపి రుసుము కడితే మినహాయింపు కోరవచ్చని ఎంతమందికి తెలుసో నీ స్నేహితురాళ్లను అడిగి చూడు. రీవాల్యుయేషన్, అంటే జవాబు పత్రం మళ్లీ దిద్దించుకోవడం సంగతీ అంతే. తక్కువ మార్కులు వచ్చినప్పుడు ఉద్యోగస్థుల పిల్లలు గడువులోగా దరఖాస్తు పెడతారు, మన పిల్లలు తమకు అంతే వచ్చాయనుకుని తలవంచుకుని వెళ్లిపోతారు. అలా వెళ్లిపోయినవారిలో బాగా రాసినవాళ్లు ఉన్నారని పేపర్లు దిద్దినవాడిగా చెబుతున్నాను.

రెండోది, మేష్టార్లను అడగడం. పెద్దవాళ్ల ముందు నోరు విప్పకపోవడమే వినయమని మన ఇళ్లలో నేర్పారు, కానీ కాలేజీలో ఆ మౌనాన్ని శ్రద్ధ లేకపోవడంగా లెక్కగడతారు. పాఠం అయ్యాక ఒక్క ప్రశ్నతో స్టాఫ్ రూముకు వెళ్లు. మొదటిసారి కాళ్లు వణుకుతాయి, అయినా వెళ్లు. రేపు ప్రాజెక్టుకు మార్గదర్శి కావాలన్నా, సిఫారసు లేఖ కావాలన్నా ముఖం తెలిసిన విద్యార్థికి పని సులువవుతుంది. స్కాలర్‌షిప్పుకు కావలసిన ఆదాయ, కుల ధ్రువపత్రాలు మాత్రం ఇప్పుడే మీసేవలో తీసి ఉంచుకో.

ఇక మీ అమ్మ గురించి. "తిన్నావా" అని తప్ప చదువు గురించి ఒక్క మాటైనా అడగదని నువ్వు నొచ్చుకున్నావు. నేను కాలేజీకి వెళ్లాలంటే ఇంట్లో పని చూసేవారు కావాలని బడి మాన్పించింది మీ అమ్మనే. ఆ బాకీ నాకు ఈనాటికీ తీరలేదు. ఏమడగాలో తెలియక ఆమె అన్నం గురించి అడుగుతుంది, కాబట్టి ఆమె అడగకపోయినా నువ్వే చెప్పు: ఈ వారం ఏ ల్యాబ్ చేశావో, ఏ పాఠం అర్థం కాలేదో. మీ నాన్న విశాఖలో తాపీ పని చేసి పంపే డబ్బు ఏ ఫీజుకు ఎంత పోయిందో కూడా చెప్పు.

పైడితల్లి సిరిమానుకు ఆమె విజయనగరం వస్తానంటోంది. పండగ మర్నాడు కాలేజీ తెరిచి ఉంటే లోపలికి తీసుకెళ్లి నువ్వు కూర్చునే బెంచీ, ల్యాబ్, నోటీసు బోర్డు చూపించు. మీ మేష్టార్లలో ఒక్కరితోనైనా మాట్లాడించు.

ఇట్లు,
మీ మావయ్య