టెక్ సందేహాలు: ప్లగిన్లు సిద్ధం కాకుండా ఫ్రేమ్‌వర్క్‌ను విడుదల చేయవచ్చా?

ప్రశ్న: మేము నలుగురం తిరుపతిలో ఇంజినీరింగ్ చదివే రోజుల్లో పైథాన్ భాషలో ఒక చిన్న వెబ్ ఫ్రేమ్‌వర్క్ (సైట్లు కట్టడానికి పునాదిగా వాడే కోడ్) రాసి ఓపెన్ సోర్స్‌గా అందరికీ ఇచ్చాం. ఇప్పుడు దానికి అదనపు సౌకర్యాలు జతచేసే పదకొండు ప్లగిన్లు ఉన్నాయి. నాలుగు మావి, మిగిలిన ఏడు చిత్తూరు, చెన్నై, బెంగళూరుల్లో ఉన్నవారు రాసినవి. ఇప్పుడున్నది 1.8. 2.0 వెర్షన్‌ను బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజున విడుదల చేయాలని మా కోరిక. ఫ్రేమ్‌వర్క్ సిద్ధంగా ఉంది. కానీ లాగిన్ ప్లగిన్, చెల్లింపుల ప్లగిన్ కొత్త వెర్షన్‌పై నడవడం లేదు. ఆ రెండూ మావి కావు. ఆగాలా, విడుదల చేసేయాలా? ఇంకో మాట, ఆ రోజుల్లో మాలో ఇద్దరం కొండపై శ్రీవారి సేవలో ఉంటాం.

జవాబు: ఆగండి. ఫ్రేమ్‌వర్క్ సిద్ధంగా ఉందని మీరు రాశారు. నా లెక్కలో ఇంకా సిద్ధం కాలేదు. మీ ఫ్రేమ్‌వర్క్‌తో దుకాణం పెట్టుకున్నవారి సైట్‌కు వచ్చే మనిషి ముందు లాగిన్ అవుతాడు, చివర డబ్బు కడతాడు. ఆ రెండు తలుపులూ తెరుచుకోకపోతే లోపల మీరు ఎంత చక్కగా సర్దినా అతనికి కనిపించదు. ప్లగిన్ ఎవరిదన్నది అతనికి తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు.

ఈ విషయంలో నేను ఇంత పట్టుగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ల క్రితం ఒక విద్యాసంస్థ సైట్‌ను చూసిపెట్టే బృందంలో ఉన్నాను. ఫ్రేమ్‌వర్క్ కొత్త వెర్షన్ వచ్చిందని మార్చేశాం. ఫీజు కట్టే ప్లగిన్ దానికి సరిపడలేదని దరఖాస్తుల చివరి రోజున తెలిసింది. పల్లెల నుంచి వచ్చి నెట్ సెంటర్ల దగ్గర సాయంత్రం దాకా నిలబడ్డ పిల్లలు ఇప్పటికీ గుర్తొస్తారు. ఆ ప్లగిన్ రాసిన మనిషి తప్పేమీ లేదు. కొత్త వెర్షన్‌లో ఏం మారుతోందో అతనికి ఎవరూ ముందుగా చెప్పలేదు.

అందుకే విడుదల తేదీని ప్లగిన్ల వైపు నుంచి వెనక్కు లెక్కపెట్టుకుంటూ రావాలి. సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ డ్రూపల్‌లో ఏడో వెర్షన్, డ్రూపల్ 7, వచ్చింది 2011 జనవరిలో. అంతకు చాలా ముందే ఎందరో మాడ్యూల్ (అక్కడ ప్లగిన్‌కు ఆ పేరు) రచయితలు, డ్రూపల్ 7 వచ్చిన రోజునే తమ మాడ్యూల్ కూడా సిద్ధంగా ఉంటుందని తమ పేజీల్లో బహిరంగంగా రాసిపెట్టారు. మీ ఏడు ప్లగిన్ల రచయితలను కూడా అలా అడగండి. ఊరికే సిద్ధం చేయమంటే లాభం లేదు. ఏ ఫంక్షన్ పోతోంది, దాని బదులు ఏది వాడాలి, బీటా (పరీక్షించి చూడడానికి ముందుగా ఇచ్చే వెర్షన్) ఏ తేదీన చేతికొస్తుంది, ఇవన్నీ ఒక్క పేజీలో రాసి పంపండి. లాగిన్, చెల్లింపుల ప్లగిన్ల వారికి మాత్రం పేజీ పంపి ఊరుకోవద్దు. మీరే వారి కోడ్ తెరిచి, కావలసిన మార్పు చేసి, ప్యాచ్ పంపండి. వారు చిత్తూరులో ఉంటే అది ఎంతో దూరం కాదు, ఒక ఆదివారం వెళ్లి పక్కన కూర్చుంటే నెల పని ఒక పూటలో తేలిపోతుంది.

అసలు చిక్కు ఇంకోచోట ఉందని నా అనుమానం. మీరు 1.8 నుంచి నేరుగా 2.0కు దూకి, పాత పద్ధతులన్నీ ఒకేసారి తీసేస్తున్నట్టున్నారు. అలా అయితే ప్లగిన్ రచయితకు నిలబడే చోటు ఉండదు. పాతదానికి రాస్తే కొత్తదానిపై నడవదు, కొత్తదానికి రాస్తే పాతవాళ్లకు పనికిరాదు. పైథాన్‌లోనే పేరున్న ఫ్రేమ్‌వర్క్ జాంగో ఈ సమస్యను ఎలా దాటుతుందో చూడండి. అక్కడ ఒక పద్ధతిని తీసేయాలనుకుంటే ముందు హెచ్చరిక పెడతారు. కనీసం రెండు విడుదలల పాటు పాత పద్ధతి ఆ హెచ్చరికతోనే పనిచేస్తుంది. విడుదలలు సుమారు ఎనిమిది నెలలకు ఒకటి వస్తాయి కనుక ప్లగిన్ రాసినవారికి ఏడాదికి పైగా గడువు దొరుకుతుంది. మీది చిన్న ప్రాజెక్టు, అంత గడువు అక్కరలేదు. కానీ మధ్యలో ఒక మెట్టు తప్పనిసరిగా ఉండాలి. 2.0కు ముందు 1.9 విడుదల చేయండి. అందులో కొత్త పద్ధతులు పెట్టండి, పాతవి ఉంచండి, పాతది వాడినప్పుడల్లా హెచ్చరిక చూపండి. అప్పుడు ఒకే ప్లగిన్ 1.9పైనా 2.0పైనా నడుస్తుంది. తిరుమలలో బ్రహ్మోత్సవాలకు ముందు వచ్చే మంగళవారమే కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం జరిపి ఆలయాన్ని శుద్ధి చేస్తారు, ఉత్సవం మొదలైన రోజున కాదు. మీ కోడ్ శుద్ధికి ఆ మంగళవారం 1.9.

తేదీల సంగతి. 1.9ను బ్రహ్మోత్సవాలకు ముందే ఇచ్చేయండి. దీపావళి వెళ్లాక బీటా, సంక్రాంతి వెళ్లాక 2.0. బీటాకు ముందు ఇచ్చే తొలి నమూనా, ఆల్ఫా, వచ్చాక కొత్త సౌకర్యాలు చేర్చకండి. బీటా వచ్చాక లోపాలు సరిదిద్దడం తప్ప వేరే పని పెట్టుకోకండి. ఈ నియమం పెట్టుకోవడం తేలిక. బీటా మధ్యలో ఒక మిత్రుడు మంచి ఆలోచనతో వచ్చినప్పుడు దాన్ని 2.1కు వాయిదా వేయడం కష్టం. వేయండి. వెర్షన్‌కు 2.0బీ1 తరహా పేరు పెడితే, ప్రత్యేకంగా అడిగితే తప్ప, పైథాన్ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే పిప్ దాన్ని మామూలు వినియోగదారుల కంప్యూటర్లలోకి తీసుకురాదు. కాబట్టి బీటా ఇవ్వడానికి భయపడనక్కరలేదు.

ప్లగిన్లు ఏ వెర్షన్లపై నడుస్తాయని ప్రకటించుకున్నాయో ఇవాళే చూడండి. చాలామంది '1.0 లేదా అంతకంటే కొత్తది' అని రాసి వదిలేస్తారు. అంటే మీ 2.0 వచ్చిన మరుక్షణం, దానిపై ఎన్నడూ పరీక్షించని ప్లగిన్ దానికి జతపడుతుంది. '2.0 కంటే తక్కువ' అన్న పై హద్దు పెట్టించి కొత్త ప్లగిన్ విడుదల చేయిస్తే సరిపోతుందని అనిపిస్తుంది, సరిపోదు. వినియోగదారు 2.0 కావాలని అడిగితే పిప్ వెనక్కు వెతుక్కుంటూ వెళ్లి, హద్దు లేని మరింత పాత ప్లగిన్‌ను తెచ్చిపెట్టగలదు. అందుకని 2.0 మొదలయ్యేటప్పుడే ప్లగిన్ల వెర్షన్లు చూసుకుని, పాతది కనిపిస్తే 'ఈ ప్లగిన్‌ను ఫలానా వెర్షన్‌కు మార్చండి' అని సూటిగా చెప్పి ఆగిపోయేలా రాయండి. ఎక్కడో లోపల విరిగి అర్థం కాని లోపం చూపడం కంటే అది ఎంతో మేలు.

మీ సొంత ప్లగిన్లు నాలుగింటికీ ఫ్రేమ్‌వర్క్‌తో పాటు 2.0 అనే సంఖ్యే ఇవ్వండి. ఆంగ్యులర్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో 2 తరువాత 3 రాలేదు, 2017 మార్చిలో నేరుగా 4 వచ్చింది. మిగతా భాగాలు 2లో ఉండగా పేజీల మధ్య దారి చూపే రూటర్ అనే భాగం ఒక్కటి అప్పటికే 3లో ఉండడం వల్ల, అన్నింటినీ ఒకే సంఖ్యకు తేవడానికి ఒక అంకెను వదులుకోవలసి వచ్చింది.

ఇక గరుడసేవ రోజు. మీ భక్తి అర్థమవుతుంది, కానీ ఆ రోజు వద్దు. పైథాన్ ప్యాకేజీలు ఎక్కించే పైపైలో 2024 జనవరి నుంచి రెండంచెల గుర్తింపు (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్ చూపే కోడ్ లాంటిది) తప్పనిసరి. శ్రీవారి ఆలయంలోకి ఫోన్లు తీసుకువెళ్లనివ్వరు. కోడ్ చూపే ఫోన్ లాకర్‌లో, మనిషి సేవలో ఉంటే, కింద ఉన్న ఇద్దరూ లోపం కనిపెట్టినా చేయగలిగింది ఏమీ ఉండదు. ఎక్కించే అధికారం కనీసం ఇద్దరి దగ్గర ఉంచుకోండి, విడుదలైన మూడు రోజులూ ఇద్దరూ అందుబాటులో ఉండే వారాన్ని ఎంచుకోండి. పైపైలో ఒకసారి ఎక్కించిన ఫైలును తీసేసినా, అదే పేరుతో మళ్లీ ఎక్కించనివ్వరు. 2.0లో తప్పు దొర్లితే దానికి మందు 2.0.1 మాత్రమే. కనుక ముందు టెస్ట్ పైపై అనే పరీక్షా స్థలంలో పెట్టి, ఖాళీ కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసి, ఒక సైట్ కట్టి, డబ్బు కట్టే దాకా నడిపి చూడండి.

చివరిగా డేటాబేస్. అలిపిరి నుంచి కొండకు ఎక్కే ఘాట్ రోడ్డు వేరు, దిగే ఘాట్ రోడ్డు వేరు. ఎక్కగలిగాం కనుక అదే దారిలో దిగుతాం అనుకోకూడదు. 2.0కు మారే మైగ్రేషన్ (డేటాబేస్ అమరికను మార్చే కోడ్)తో పాటు 1.9కి తిరిగి వచ్చే మైగ్రేషన్‌ను కూడా రాసి, నిజమైన సమాచారం నింపిన డేటాబేస్‌పై పరీక్షించండి. తిరిగి రాలేని మార్పు ఏదైనా ఉంటే విడుదల ప్రకటనలో మొదటి వాక్యంగా అదే చెప్పండి.

ప్రశ్న: చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కంప్యూటర్ విభాగం చూస్తున్నాను. కాయల లారీల తూకం, రైతుల చెల్లింపులు నమోదు చేసే సైట్ జాంగో 3.2పై నడుస్తోంది. నేరుగా 5.2కు మార్చవచ్చా?

జవాబు: మార్చాలి, కానీ ఒకే అంగలో కాదు. 3.2కు భద్రతా సవరణలు 2024 ఏప్రిల్‌తో ఆగిపోయాయి. రైతుల బ్యాంకు వివరాలు ఉన్న సైట్‌ను అలా ఉంచకూడదు. 3.2, 4.2, 5.2 మూడూ దీర్ఘకాల మద్దతు వెర్షన్లు. ఆ వరుసలోనే వెళ్లండి. ముందు పైథాన్ 3.10 పెట్టుకోండి, మూడు వెర్షన్లూ దానిపై నడుస్తాయి. 5.2 స్థిరపడ్డాక పైథాన్‌ను కూడా కొత్తదానికి మార్చండి. ప్రతి మెట్టు దగ్గరా పైథాన్ హెచ్చరికలను ఆన్ చేసి టెస్టులు నడపండి. త్వరలో తీసేయబోయే పద్ధతుల గురించిన డెప్రికేషన్ హెచ్చరికలు మామూలుగా దాగి ఉంటాయి, అడిగితేనే కనిపిస్తాయి. 4.0 నుంచి, ఫారాలు ఏ సైట్ల నుంచి రావచ్చో చెప్పే సీఎస్ఆర్ఎఫ్ ట్రస్టెడ్ ఆరిజిన్స్ సెట్టింగ్‌లో సైట్ పేరు ముందు హెచ్‌టీటీపీఎస్ కూడా రాయాలి. అది మరిచిపోతే ఫారాలు వెనక్కి తిరిగిపోవచ్చు.

మీ ఫ్యాక్టరీకి అన్నింటికంటే ప్రమాదకరమైనది సమయం సెట్టింగ్. యూజ్ టీజెడ్ అనే వరుస మీ సెట్టింగ్స్ ఫైలులో లేకపోతే, 5.0కు ముందు దాని విలువ ఫాల్స్, 5.0 నుంచి ట్రూ. ట్రూ అయితే జాంగో లోపల సమయాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)లో లెక్కిస్తుంది. మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. అర్ధరాత్రికీ తెల్లవారుజాము ఐదున్నరకూ మధ్య గేటు దాటిన తోతాపురి లారీకి, మీ కోడ్ జాంగో ఇచ్చే ఆ సమయం నుంచే తేదీ తీసుకుంటే ముందురోజు తేదీ పడుతుంది. కాయ ధర రోజురోజుకూ మారే కాలంలో అది నేరుగా రైతు డబ్బు. కాబట్టి మార్పుకు ముందే ఆ వరుసను ఫాల్స్ అని స్పష్టంగా రాసిపెట్టండి. తరువాత తీరికగా, పాత రికార్డులతో సహా, సరైన పద్ధతికి మార్చుకోండి. ఇదంతా జూన్, జూలైల్లో మాత్రం చేయకండి. కాయల రాక ముగిసి చెల్లింపులు పూర్తయ్యాక మొదలుపెట్టండి.

ప్రశ్న: శ్రీకాళహస్తిలో కలంకారీ చీరలు అమ్ముతాం. మా వర్డ్‌ప్రెస్ సైట్‌లో ఒక ప్లగిన్, పాత వెర్షన్ వరకే పరీక్షించినట్టు చూపుతోంది. వర్డ్‌ప్రెస్‌ను అప్‌డేట్ చేయవచ్చా?

జవాబు: ఆ వరుస ప్లగిన్ రచయిత తానే రాసుకునే ప్రకటన. పాత సంఖ్య ఉన్నంత మాత్రాన ప్లగిన్ పాడైనట్టు కాదు. మూడు పెద్ద విడుదలల నుంచి పరీక్షించలేదని ప్లగిన్ల జాబితాలో హెచ్చరిక కనిపిస్తే మాత్రం, ఆ ప్లగిన్‌ను చూసుకునేవారు లేరనే అనుకుని వేరేది వెతకండి. అప్‌డేట్‌కు ముందు ఫైళ్లు, డేటాబేస్ రెండూ బ్యాకప్ తీసి, ఆ బ్యాకప్‌తో సైట్ నకలు ఒకటి పెట్టి, అందులో ఒక చీర మీరే కొని చూడండి. వర్డ్‌ప్రెస్ భద్రతా సవరణలను మాత్రం ఒక ప్లగిన్ కోసం ఆపకండి.

ప్రశ్న: పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో ఎంసీఏ చదువుతున్నాను. ఓపెన్ సోర్స్ విడుదలల్లో పాల్గొనాలని ఉంది. ఫ్రేమ్‌వర్క్ కోడ్ రాసే స్థాయి నాకు ఇంకా లేదు. చేయగలిగింది ఏమైనా ఉందా?

జవాబు: ఉంది, అది చిన్న పని కాదు. బీటాలు వస్తాయి కానీ వాటిని నిజమైన ప్రాజెక్టుపై నడిపి చూసేవారు తక్కువ. మీ చదువులో చేసిన ప్రాజెక్టునే జాంగో తదుపరి బీటాపై నడపండి. విరిగితే, ఏం చేస్తే విరిగిందో, ఏ వెర్షన్‌పై విరిగిందో, దాన్ని మళ్లీ చూపించే అతి చిన్న కోడ్ ముక్క ఏదో రాసి పంపండి. అలాంటి ఒక్క నివేదిక బృందానికి వారం పని మిగుల్చుతుంది. రెండవది అనువాదం. జాంగోలో తెలుగు ఉంది. బీటా తరువాత వచ్చే రిలీజ్ క్యాండిడేట్ దగ్గర ఆంగ్ల వాక్యాలను ఇక మార్చకుండా ఆపేస్తారు, అక్కడి నుంచి చివరి విడుదల దాకా ఉన్న కొద్ది రోజులే అనువాదకుల సమయం. అనువాదాలు జరిగే ట్రాన్సిఫెక్స్ సైట్‌లో ఖాతా తెరిచి తెలుగు బృందంలో చేరండి. మొదట అడ్మిన్ భాగం వాక్యాలు తీసుకోండి, ఎక్కువమంది రోజూ చూసేవి అవే. ఇంకొకటి, పై మొదటి ప్రశ్న పంపిన నలుగురూ మీ ఊరివారే. దీపావళి తరువాత వారి బీటా వస్తే దానిపై మీ ప్రాజెక్టు నడిపి చూడండి. చెల్లింపుల ప్లగిన్‌తో మొదలుపెట్టండి.